ఓటు వేసి స్వరాజ్యం వదులుకున్న దీవి

కెనడావారు ప్రావిన్సులని వ్యవహరించే రాష్ట్రాలు పది. వాటిలో అన్నింటికన్న ఆలస్యంగా, 1949లో సమాఖ్యలో చేరినది తూర్పు కొసన అట్లాంటిక్ మహాసముద్రంలో ఉన్న న్యూఫౌండ్లాండ్. అంతవరకు అది ఎవరి అధీనంలో ఉండేది? పటం చూసిన ప్రతివారికీ తోచే ఈ ప్రశ్నకు జవాబు కాస్త వింతగానే ఉంటుంది. 1907 నుండి అది ఆస్ట్రేలియా, కెనడాల సరసన నిలిచిన డొమీనియన్. దానికి సొంత ప్రధానమంత్రి, సొంత శాసనసభ, సొంత తపాలా బిళ్ళలు ఉండేవి.

మరి అంతటి ప్రతిపత్తి ఎందుకు పోయింది? అప్పుల వల్ల. రైలుమార్గం కోసం, మొదటి ప్రపంచయుద్ధం కోసం చేసిన రుణాలు పేరుకుపోయాయి. 1930 తరువాత, దీవికి జీవనాధారమైన ఎండు కాడ్ చేపల ధర పడిపోయింది. ఖజానాకు వచ్చే ఆదాయంలో సగానికి పైగా వడ్డీలకే పోసాగింది. 1932 ఏప్రిల్‌లో ఆగ్రహించిన జనసమూహం రాజధాని సెయింట్ జాన్స్‌లోని శాసనసభా భవనంపై విరుచుకుపడగా ప్రధానమంత్రి స్క్వైర్స్ తప్పించుకొని బయటపడవలసి వచ్చింది. మరుసటి ఏడు శాసనసభ తన అధికారాన్ని తానే బ్రిటన్‌కు అప్పగించింది. 1934 నుండి పదిహేనేళ్ళు గవర్నరు, నియమితులైన ఆరుగురు కమిషనర్లు పాలించారు. అప్పులవాళ్ళకు భయపడి పంటభూమిని కౌలుకిచ్చిన రైతు పరిస్థితి వంటిదే ఇది. కాని ఒక దేశం ఆ పని చేయడం అరుదు.

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైనిక స్థావరాలు వెలిసి చేతినిండా పని దొరికింది. ఇక భవిష్యత్తు ఏమిటి? 1948లో ఈ ప్రశ్నను ప్రజల ముందే ఉంచారు. కెనడాలో చేరాలని ప్రచారం సాగించినవాడు జోసెఫ్ స్మాల్‌వుడ్. పత్రికారచయిత, రేడియో ప్రసంగకుడు, కొంతకాలం పందుల పెంపకందారు కూడా. చేరితే ప్రతి బిడ్డకూ నెలనెలా భత్యం వస్తుందని ఆయన పల్లెలకు నచ్చజెప్పాడు. రాజధాని వర్తకులకు ఈ మాట రుచించలేదు. జూన్ 3న జరిగిన మొదటి ఓటింగులో స్వపరిపాలనకే ఎక్కువ ఓట్లు, 44.6 శాతం పడ్డాయి. అయినా సగం దాటలేదు. జూలై 22న మళ్ళీ ఓటు వేయగా చేరికకు 52.3 శాతం వచ్చింది. తేడా ఏడువేల ఓట్ల లోపే! 1949 మార్చి 31 అర్ధరాత్రికి కొద్ది క్షణాల ముందు విలీనం జరిగింది. మరునాడు రాజధానిలో కొన్ని ఇళ్ళకు నల్లబట్టలు వేలాడాయి.

చేరిక వల్ల మేలు కలిగిందా? పింఛన్లు, ఆసుపత్రులు, బడులు, రోడ్లు వచ్చాయి. వాటికి మూల్యమూ చెల్లించారు. మారుమూల తీరగ్రామాలన్నింటికీ సౌకర్యాలు కల్పించలేమంటూ 1954 నుండి 1975 వరకు దాదాపు 300 పల్లెలను ఖాళీ చేయించారు. సుమారు 30,000 మంది తరలిపోయారు. కొందరు ఇళ్ళను పునాదులనుండి లేపి, నీళ్ళపై తేలించి, పడవలకు కట్టి లాక్కుపోయారు. తరాల తరబడి కొలిచిన చర్చీలు, శ్మశానాలు అక్కడే ఉండిపోయాయి. 1992లో చేపలు అంతరించే స్థితికి రావడంతో కాడ్ వేట నిషేధించారు. మరో 30,000 మందికి ఉపాధి పోయింది. ఆ నిషేధం ముగిసింది 2024లో.

అక్కడి గడియారం పొరుగు రాష్ట్రాలకన్న అరగంట ముందుంటుందేమని అడిగేవారు అనేకులు. స్వతంత్రంగా ఉన్ననాటి కాలమానాన్ని వారు విడిచిపెట్టలేదు. అందుచేత వారి నిమిషాల ముల్లు మన గడియారంతో సరిగ్గా కలుస్తుంది.

ఇప్పుడు వారు తమను కెనడావారిగానే భావిస్తారా? జూలై 1 కెనడా జాతీయదినం. కాని 1916లో అదే రోజున ఫ్రాన్సులోని బోమాంట్ హామెల్ వద్ద సుమారు 800 మంది న్యూఫౌండ్లాండ్ సైనికులు దాడికి కదిలారు. మరునాడు హాజరు పిలిచినప్పుడు పలికినవారు 68 మంది. అందుకే ఆ రోజు ఉదయం రాష్ట్రమంతటా పతాకాలు అవనతమై ఉంటాయి. జనం చిన్న నీలిపూలు గుండెలపై ధరిస్తారు. ఉత్సవం మొదలయ్యేది మధ్యాహ్నం దాటిన తరువాతనే.