పాత నాదస్వరంలో తొలి భాగాలు, మలి మార్పులు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల నడుమ గల గ్రామాలలో దేవాలయ ద్వారం వద్ద నాదస్వరం వాయించిన వంశాలలో ముస్లిం వంశాలు పెక్కు కలవు. ఒంగోలు సమీపాన కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానాగారు చిలకలూరిపేట ఆదం సాహెబుగారి శిష్యులు. పిమ్మట తంజావూరు బాణీకై నాచ్చియార్ కోవిల్ సోదరులు రాజం, దొరైకణ్ణు గార్లను ఆశ్రయించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు పొందినారు. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. ఇట్టి కీర్తి పొందని ఇండ్లలో కూడ నేటికిని పెట్టెలలో పాత వాద్యాలు పడి ఉన్నవి.

అద్దంకి ప్రాంతపు విద్యార్థి ఒకడు అట్టి వాద్యాన్ని గుడ్డలో చుట్టి నా వద్దకు తెచ్చినాడు. అది అతని తాతగారిది. గురువుగారి శ్రుతికి అది అర స్వరం తగ్గి పలుకుచున్నదట. రంధ్రాలన్నిటిని పెద్దవి చేసినచో శ్రుతి పెరుగునని ఒక పనివాడు చెప్పినాడట. మాట నిజమే. కాని తొలిచిన కర్ర మరల రాదు. అందువలన ముందుగా ఆ వాద్యంలో ఏది తొలినాటిదో, ఏది తరువాతిదో చూడవలెనని నిశ్చయించుకొన్నాము.

పీక సంగతి విచారింపనక్కరలేదు. అది రెల్లుతో చేసినది, అరిగిపోవునది. వాద్యకారుడు ఎన్ని మార్చియుండునో లెక్క లేదు. దాని క్రింది లోహపు గొట్టమూ అంతే. వాద్యపు వయస్సు చెప్పునది నడిమి దండము. తమిళులు ఆచ్చా అనియు, మనవారు నారేపి అనియు పిలుచు చెట్టు కర్రతో దానిని చేయుదురు. అది మిక్కిలి బరువైన కర్ర. కుంభకోణం వద్ద నరసింగంపేట పనివారు కూల్చిన పాత ఇండ్ల దూలాలనే కోరి తెచ్చుకొందురు. కావున కర్ర నూరేండ్లదైనంత మాత్రాన వాద్యం నూరేండ్లది కాదు. ఈ పొరపాటు చదువుకొన్నవారు కూడ చేయుదురు.

అడుగున గరాటు వలె ఉండు భాగం విడిగా చేసి తొడిగినది. క్రింద పడినప్పుడు మొదట పగులునది అదే. మేము దానిని ఊడదీసి చూడగా దండపు చివర రెండు వేర్వేరు ఒరపిడి గీతలు కనబడినవి. ఇప్పటి గరాటు అందులో ఒక గీతకే సరిపోయినది. అనగా ఇంతకు ముందు వేరొక గరాటు ఉండెడిది. దండానికి చుట్టిన వెండి పట్టీ అలంకారమేనని ఇంటివారి నమ్మకం. దాని అంచు వద్ద సన్నని పగులు తొంగిచూచుచున్నది.

ఇక రంధ్రాలు. వ్రేళ్ళు ఆడునవి ఏడు. వాటి దిగువను వ్రేళ్ళు తాకనివి అయిదు. ఈ అయిదింటిలో మైనం పెట్టి నాదాన్ని సరిచేసుకొందురు. ఇచ్చట నా అపరాధం ఒకటి చెప్పవలెను. నా చిన్నతనమున మా ఇంటి నాదస్వరంలో ఆ మైనాన్ని మురికి అనుకొని వేడినీటితో కడిగివేసితిని. మా తాతగారు కోపగించలేదు. దానిని మరల వాయించనూ లేదు. మైనం మార్పు కాదు, వాద్యకారుని తీర్పు. దానిని తాకరాదు.

వ్రేలి రంధ్రాల అంచులు ఏండ్ల తరబడి వ్రేళ్ళ రాపిడికి నున్నబడి, గుంటపడి ఉండును. తరువాత తొలిచిన దాని అంచు పదునుగా తగులును. దండంలోనికి చిన్న దీపం వెలుగు పంపి చూడగా ఏడింటిలో ఒకదాని పై అంచున నెలవంక వంటి అతుకు కనబడినది. ఆ చోట కర్ర గీతలు అడ్డంగా ఉన్నవి. పాత రంధ్రాన్ని కొంత పూడ్చి, కొద్దిగా క్రిందికి జరిపి తొలిచినారన్న మాట. రంధ్రం క్రిందికి జరిగినచో స్వరం తగ్గును. అది మధ్యమ స్థానం.

ఇందుకు కారణం ఊహింపవచ్చును. పూర్వపు పొట్టి తిమిరి వాద్యాలలో శుద్ధ మధ్యమం సరిగా పలికెడిది కాదు. టి.ఎన్. రాజరత్నం పిళ్ళైగారు (1898–1956) నరసింగంపేట రంగనాథాచారిగారి చేత ఆ లోపం లేని పొడవైన బారి నాదస్వరాన్ని చేయించినారు. ఆ నాదం విన్న చెవికి పాత వాద్యం రుచింపలేదు. విద్యార్థి నాయనమ్మగారిని అడుగగా, “అరవ మేళం విని వచ్చి మూడు రాత్రులు దాంతోనే కూర్చున్నారు సారూ, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నారు” అన్నారు.

మా ఊరి వారికి ఇట్టి పరీక్ష కొత్త కాదు. 848 నాటి పండరంగని అద్దంకి శాసనాన్ని తరగతిలో చెప్పునప్పుడు, రాతిపై ఉన్న అక్షరమేదో, శిథిలమైన చోట పండితులు పూరించిన అక్షరమేదో వేరుచేసియే చెప్పుదుము. అయితే శాసనంలో పూరణ పరాయివాని చేయి. ఈ నాదస్వరంలో నెలవంక అతుకు దానిని ఊదినవాని చేయి. కావున అది తొలి భాగం కాకున్నను తీసివేయదగినది కాదని నా అభిప్రాయం.

పనివానిని వద్దని పంపివేసినాము. గురువుగారి శ్రుతికి తగిన వేరొక వాద్యాన్ని విద్యార్థి అరువు తెచ్చుకొన్నాడు. వెండి పట్టీ క్రింది పగులు పెరుగకుండ పాతదానిని ఎండ తగలని చోట ఉంచినారు. శుక్రవారం సాయంకాలాలలో తాతగారి శ్రుతికే కొంతసేపు ఊదుచున్నాడు.