చత్వారము

సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు దారి పులికాటు సరస్సునకు అడ్డముగా సాగును. శీతకాలమున అచట నీటిలో ఫ్లెమింగో పక్షులు బారులుతీరి నిలుచును. 50 ఏండ్ల జాలరి వానిని ఎంత దూరమునుండియైనను గుర్తింపగలడు. కాని ఒడిలోని వల చినిగినచో, ముడి ఏ కన్నునకు వేయవలయునో అతనికి తెలియదు. వలను చేతిపొడవున పట్టి చూచును. తుదకు మనుమని పిలుచును. ఇదియే చత్వారము. నలుబది అను అర్థముగల సంస్కృతపదమునుండి వచ్చిన ఈ పేరు ఎంతయు సార్థకమైనది.

కంటిపాప వెనుక స్వచ్ఛమైన కటకమొకటి కలదు. దూరపు వస్తువును చూచునపుడు అది పలుచనగును. దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బి దళమగును. చుట్టునున్న కండరము ఈ మార్పును కలిగించును. పదియేండ్ల బాలుడు 8 సెంటీమీటర్ల దూరమున ఉన్న అక్షరమునుగూడ చదువగలడు. ఏండ్లు గడచినకొలది కటకము గట్టిపడును. కండరము యత్నించినను అది వలసినంత ఉబ్బదు. 45 ఏండ్లు దాటునప్పటికి పుస్తకము ముఖమునకు దూరముగా జరుగును. ఇది తెగులు కాదు, తల నెరయుట వంటిది. ఏ పసరును, ఏ కసరత్తును ఆ మెత్తదనమును మరల తేజాలవు.

కటకము ఉబ్బజాలని కొరతను కుంభాకారపు అద్దము తీర్చును. 13వ శతాబ్ది చివర ఇటలీలో ఇట్టి అద్దములు మొదట వెలసినవి. పైభాగము దూరమునకు, క్రిందిభాగము దగ్గరకు ఉపకరించు జంట అద్దములను గూర్చి బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఒక లేఖలో వర్ణించెను. మనవారు వీనిని సులోచనములనిరి. ఇంతకంటె చక్కని పేరు దొరకదు.

అయినను అద్దములు పెట్టినచో చూపు మరింత మందగించునని పలువురు జంకుదురు. ఇది వట్టి అపోహ. పెట్టినను పెట్టకున్నను 60 ఏండ్ల వరకు చత్వారము హెచ్చుచునే యుండును. జంకువలన పోవునది పనియే. అస్సాము తేయాకుతోటలలో 40 ఏండ్లు దాటిన కూలీలపై జరిపిన పరిశోధన 2018లో వెలువడినది. అద్దములు పొందినవారి కోత, పొందనివారితో పోల్చగా, సుమారు 22 శాతము హెచ్చినదని అందు తేలినది. వల అల్లువానికిని, బియ్యమున రాళ్లేరు గృహిణికిని, కుట్టుపనివానికిని ఈ లెక్క వర్తింపకపోదు.

అంగడిలో కంటికి నచ్చిన అద్దమును కొని తృప్తిపడువారు కలరు. దానితో అక్షరము కనబడవచ్చును. కాని ఆ వయసుననే శుక్లములు, నీటికాసులు మొదలగు నిజమైన తెగుళ్లు పొడసూపును. నీటికాసులు నొప్పి లేకుండగనే చూపును హరింపగలవు. అందుచేత మొదటి సులోచనములకు పోయిననాడే వైద్యునిచేత కన్నంతయు పరీక్ష చేయించుకొనవలయును. మధుమేహము గలవారు ఏటేట కంటి లోపొరనుగూడ చూపించుకొనుట అవసరము.