కేకు అమ్మే చోటే కేకు సామాన్లూ అమ్మాలా?

చిన్న బేకరీల ముందు కొత్త ప్రశ్న

ఒకప్పుడు పల్లెటూళ్లలో పిల్లల పుట్టినరోజంటే తలంటు, కొత్త బట్టలు, గుడిలో కొబ్బరికాయ, ఇంట్లో పాయసం. కేకు కోయడం పట్నవాసుల వేడుక. ఇప్పుడా తేడా పోయింది. మండల కేంద్రంలో బస్సు దిగితే ఎదురుగా ఒక బేకరీ కనిపిస్తుంది. అరకిలో కేకు మీద పిల్లవాడి పేరు రాయించుకుని, డబ్బాను ఒళ్లో పెట్టుకుని మోటారు సైకిలు మీద ఊరికి తీసుకుపోయే తండ్రులు రోజూ కనిపిస్తూనే ఉంటారు.

ఇటీవల మరో మార్పు వచ్చింది. సెల్‌ఫోనులో చూసి కేకు చేయడం నేర్చుకున్న ఆడపడుచులు పల్లెల్లోనూ తయారయ్యారు. కుక్కరులోనో, చిన్న ఓవెనులోనో కేకు చేయడం వారికి కష్టం కావడం లేదు. చిక్కంతా అలంకరణ దగ్గరే వస్తున్నది. కింద పెట్టే అట్ట, పైన మూసే డబ్బా, క్రీముతో పువ్వులు వేసే నాజిళ్లు, రంగులు, కొవ్వొత్తులు ఊళ్లో దొరకవు. అందుకని వారు వచ్చి బేకరీ వారినే అడుగుతున్నారు: "అన్నా, కేకు అట్ట ఒకటుంటే ఇస్తావా? డబ్బులిస్తాను."

ఒకరిద్దరికి ఇచ్చిన తర్వాత యజమానికి సహజంగానే ఒక ఆలోచన వస్తుంది. అడిగిన వారికల్లా ఇచ్చేకంటే ఒక అర కట్టించి ఈ సామాన్లు కూడా అమ్మితే పోలేదా? ఆలోచన మంచిదే. కాని చిన్న బేకరీ నడిచేది కుటుంబం చేతిలో ఉన్న కొద్దిపాటి రొక్కంతో. అది ఒకసారి సరుకులో చిక్కుకుంటే మర్నాడు మైదా బస్తాకు తడుముకోవలసి వస్తుంది. కనుక లాభనష్టాలు రెండూ చూసుకోవాలి.

లాభం ఎక్కడ?

బేకరీ వారు అట్టలు, డబ్బాలు హైదరాబాదు బేగంబజారు నుంచో, విజయవాడ వన్ టౌన్ నుంచో, దగ్గరి పట్టణంలోని టోకు దుకాణం నుంచో కట్టలుగా తెచ్చుకుంటారు. ఇంట్లో కేకు చేసుకునే ఆమెకు కావలసింది ఒక్క అట్ట, ఒక్క డబ్బా. దానికోసం పట్టణానికి వెళితే బస్సు ఛార్జీలు, ఒక పూట కాలం దండుగ. కట్ట విప్పి ఒక్కటి ఇచ్చినందుకు రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

మరో సౌకర్యం ఉంది. బన్నులు, పఫ్‌లు సాయంత్రానికి మిగిలితే నష్టమే. అట్టలు, డబ్బాలు, కొవ్వొత్తులు, నాజిళ్లు పాచిపోవు. చెమ్మ తగలకుండా, ఎలుకలు కొట్టకుండా చూసుకుంటే చాలు.

నష్టం ఎక్కడ?

పాచిపోని సరుకు గనుక ఎప్పటికైనా అమ్ముడవుతుందనే ధీమాలోనే మోసం ఉంది. ఒక లెక్క చూద్దాం. నూరు రూపాయలు పెట్టి తెచ్చిన అలంకరణ వస్తువులు ఆరు నెలలకు నూట నలభైకి అమ్ముడయ్యాయనుకుందాం. లాభం నలభై రూపాయలు. అదే నూరు రూపాయలు మైదా, పంచదార, నూనె మీద పెట్టి, వారానికొకసారి తిప్పి, ఖర్చులు పోను ఐదు రూపాయలే మిగిలాయనుకుందాం. ఆరు నెలలకు ఇరవై ఆరు వారాలు, నూట ముప్పై రూపాయలు. ఒక్కొక్క వస్తువు మీద వచ్చే లాభం కంటే ఏడాదిలో డబ్బు ఎన్నిసార్లు చేతికి తిరిగి వస్తుందన్నదే ముఖ్యం.

పైగా ఈ సామాన్లలో రకాలు లెక్కలేనన్ని. ఒకరు గులాబీ నాజిలు అడిగితే మరొకరు ఆకు నాజిలు అడుగుతారు. ఈ ఏడాది పిల్లలు ముచ్చటపడిన బొమ్మ వచ్చే ఏడాదికి ఎవరికీ పట్టదు. అర నిండుగా కనిపించాలని అన్నీ తెచ్చిపెడితే సగం సరుకు దుమ్ము పట్టిపోతుంది.

కరెంటు పోతే?

క్రీము సంగతి వేరు. బేకరీలు ఎక్కువగా వాడే పాలు లేని విప్పింగ్ క్రీమును మైనస్ 18 డిగ్రీల చలిలో గడ్డకట్టించి ఉంచాలి. వాడబోయే ముందు ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరగనివ్వాలి. ఒకసారి కరిగిన దానిని మళ్లీ గడ్డకట్టిస్తే గిలక్కొట్టినప్పుడు సరిగా పొంగదు. వేసవిలో గాలివానకు కరెంటు గంటల తరబడి పోతే ఆ సరుకు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. చాక్లెట్ దిమ్మెలు కూడా ఎండలకు మెత్తబడి, తిరిగి గట్టిపడినప్పుడు పైన తెల్లని పూత కడతాయి. అది బూజు కాకపోయినా కొనేవారు నమ్మరు. ఈ రెంటినీ బయానా తీసుకుని తెప్పించి ఇవ్వడమే మేలు.

పోటీ పెరగదా?

"సామాన్లు మనమే అమ్మితే రేపు మన కేకులు ఎవరు కొంటారు?" అన్నది ఇంట్లో వారి నుంచి వచ్చే మొదటి ప్రశ్న. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. ఉదాహరణకు ఒక కేకు మీద నూరు రూపాయలు, ఆ కేకుకు కావలసిన సామాన్ల మీద ఇరవై రూపాయలు మిగులుతాయనుకుంటే, ఒక కేకు బేరం పోయినందుకు ఐదుగురికి సామాన్లు అమ్మాలి.

అయితే ఇంట్లో చేసుకోవాలని పట్టుబట్టిన మనిషి మనం అమ్మకపోయినంత మాత్రాన మానుకోదు. పట్టణంలో కొంటుంది, లేదా ఫోనులో తెప్పించుకుంటుంది. మన దగ్గరకు వస్తే అట్టతో పాటు నాలుగు బన్నులు, పిల్లలకు పఫ్‌లు కూడా కొనుక్కుపోతుంది. పెళ్లిళ్లకు పెద్ద కేకు కావలసినా, జనవరి 1వ తేదీకి ముందు రాత్రి అప్పటికప్పుడు కావలసినా బేకరీకి రాక తప్పదు. కనుక అడిగే వారిలో ఎందరు మన పాత ఖాతాదారులు, ఎందరు కొత్తవారు అన్నది తెలుసుకుంటే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

ఇంట్లో చేసి ఇతరులకు అమ్మే వారు కూడా 2006 ఆహార భద్రత చట్టం కింద నమోదు చేయించుకోవలసిందే. ఈ మాట చాలామందికి తెలియదు. బేకరీ వారు ఒక మాట చెబితే వారికీ మేలు చేసినవారవుతారు.

రంగులతో జాగ్రత్త

అన్నిటికంటే పెద్ద బాధ్యత రంగులది. గుడ్డలకు వేసే రోడమిన్-బి అనే రంగు కనిపించినందున 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కర్ణాటకలో ఆహార భద్రత అధికారులు కేకుల నమూనాలు పరీక్షించగా కొన్నింటిలో కృత్రిమ రంగులు ప్రమాదకరమైన మోతాదులో ఉన్నట్లు తేలింది. కనుక పొట్లాలు కట్టిన విడి రంగులు అమ్మరాదు. ఆహార లైసెన్సు నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్న సీసాలే తేవాలి.

మెరుపు పొడుల మీద "నాన్ టాక్సిక్" అని రాసి ఉన్నంత మాత్రాన అవి తినదగినవని అర్థం కాదు. తినవచ్చునని స్పష్టంగా రాసి ఉండాలి. పుట్టినరోజున చల్లుకునే మంచు నురుగు డబ్బాలకు గిరాకీ ఉన్నా, వెలిగే కొవ్వొత్తి దగ్గర చల్లితే మంట అంటుకుంటుంది. పిల్లల ముఖాలు కాలే ప్రమాదం ఉంది. అది అమ్మకపోవడమే మంచిది. రంగుల వంటి తినే సరుకును చిల్లరగా అమ్మేటప్పుడు, తమ లైసెన్సులో చిల్లర అమ్మకం కూడా చేరి ఉన్నదో లేదో జిల్లా ఆహార భద్రత అధికారి కార్యాలయంలో కనుక్కోవాలి.

మధ్యే మార్గం

నెల రోజుల పాటు బల్ల మీద ఒక నోటు పుస్తకం ఉంచి, ఎవరు ఏది అడిగారో, వారు కేకులు కొనే వారేనా కాదా రాసుకోవడం మొదటి పని. ముగ్గురికి తక్కువ కాకుండా అడిగిన వస్తువులనే తేవాలి. తెచ్చేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: "ఇది అమ్ముడు పోకపోతే మన కేకులకు వాడుకోగలమా?" వాడుకోగలిగితే భయం లేదు. అట్టలు, డబ్బాలు, కొవ్వొత్తులు, పైపింగ్ కవర్లు, మామూలు నాజిళ్లు ఈ కోవలోకి వస్తాయి. వాడుకోలేనిదైతే ముందు సొమ్ము తీసుకుని తెప్పించాలి.

ఒక్క అరకు మించకూడదు. అరువు ఇవ్వకూడదు. ఈ అమ్మకం డబ్బు వేరే డబ్బాలో వేసి, మూడు నెలల తర్వాత పెట్టింది తిరిగి వచ్చిందో లేదో, కేకుల అమ్మకం తగ్గిందో పెరిగిందో చూసుకోవాలి. రెండు లెక్కలూ బాగుంటే రెండో అర కట్టించవచ్చు. బాగుండకపోతే మిగిలిన అట్టలు సొంత కేకుల కిందకే పోతాయి. బేకరీకి వచ్చే నష్టమేమీ ఉండదు. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాచమన్న పెద్దల మాట ఈ కొత్త వ్యాపారానికీ వర్తిస్తుంది.