మ్యాపుకి కత్తెర పెట్టే ముందు...

2024 సెప్టెంబరు మొదటి వారం గుర్తుందా? విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. మేడల మీద చిక్కుకుపోయిన జనానికి డ్రోన్లతో భోజనం పొట్లాలు అందించారు. ఆ నీళ్లు ముంచెత్తింది బుడమేరు నుంచి.

ఇప్పుడు విజయవాడ కార్పొరేషన్ సరిహద్దు వరకే కత్తిరించిన మ్యాపు ఒకటి ఊహించుకోండి. అందులో బుడమేరు ఎలా కనిపిస్తుంది? ఒక అంచున లోపలికొచ్చి ఇంకో అంచున మాయమయ్యే నీలం గీత. అంతే. ఆ వాగు పుట్టే మైలవరం వైపు కొండలు అందులో ఉండవు. వెలగలేరు రెగ్యులేటర్ ఉండదు. వాగు చివరికి వెళ్లి కలిసే కొల్లేరూ ఉండదు. వరద ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోవాలి అన్న రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పే భాగమంతా కత్తెరకు పోయింది.

మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ కత్తెర పేరు 'క్లిప్'. జీఐఎస్ నేర్చుకునేవాళ్లు మొదటి వారంలోనే పట్టుకునే టూల్ ఇది. వాడటం చాలా సులువు. ఎక్కడ కత్తిరించాలో తేల్చుకోవడమే అసలు పని.

డబ్బా మూతతో పూరీ

పెద్ద చపాతీ ఒత్తి, దాని మీద స్టీలు డబ్బా మూత పెట్టి నొక్కితే గుండ్రంగా పూరీ తెగి వస్తుంది కదా. క్లిప్ కూడా అంతే. చపాతీ మీ డేటా. మూత మీకు కావాల్సిన ప్రాంతం సరిహద్దు, అంటే 'ఏరియా ఆఫ్ ఇంట్రెస్ట్'.

క్యూజీఐఎస్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టాడు. మామూలు లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. రోడ్లు, వాగులు, ఇళ్లలాంటి గీతల డేటా అయితే వెక్టర్ మెనూలో జియోప్రాసెసింగ్ టూల్స్‌కి వెళ్లి క్లిప్ నొక్కాలి. ఇన్‌పుట్‌లో కత్తిరించాల్సిన లేయర్, ఓవర్‌లేలో సరిహద్దు లేయర్ పెట్టి రన్ కొట్టాలి. శాటిలైట్ ఫొటో, ఎత్తుల డేటాలాంటి పిక్సెల్స్ అయితే రాస్టర్ మెనూలో ఎక్స్‌ట్రాక్షన్ కింద 'క్లిప్ రాస్టర్ బై మాస్క్ లేయర్' ఉంటుంది.

ఎందుకు కత్తిరించాలి అంటే, బరువు. 2000 ఫిబ్రవరిలో నాసా స్పేస్ షటిల్ 11 రోజుల్లో భూమి ఎత్తులు కొలిచింది. ఎస్ఆర్‌టీఎం అనే ఆ డేటా ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ముక్కలుగా దొరుకుతుంది. 30 మీటర్ల పిక్సెల్‌తో వచ్చే ఒక్కో ముక్కలో అడ్డం 3601, నిలువు 3601 పిక్సెల్స్. అంటే దాదాపు 1.3 కోట్లు. అందులో మనకి కావాల్సింది ఓ మూల మాత్రమే అయితే మిగతాది మోయడం దేనికి?

లెక్క ముందు, కత్తెర తర్వాత

ఇక్కడే తొందరపడతారు. 'ఫైలు చిన్నదైతే స్పీడ్‌గా నడుస్తుంది' అని ముందే వార్డుల వరకు కత్తిరించేసి, తర్వాత నీటి ప్రవాహం లెక్క వేస్తారు. నీళ్లు పల్లానికి పోతాయి, వార్డు నంబర్లు చూసుకుని ఆగవు. పైన కురిసిన వాన లెక్కలో లేకపోతే కింద వచ్చే వరద సాఫ్ట్‌వేర్‌కి కనిపించదు. అది ఎర్రర్ కూడా చూపించదు. చక్కటి రంగుల్లో తప్పు మ్యాపు ఇస్తుంది. 'ఇక్కడ ముప్పు తక్కువ' అని అది చెప్తే నమ్మి స్థలం కొనేవాడు ఉంటాడు.

బుడమేరునే తీసుకోండి. విజయవాడ, మైలవరం రెండూ ఎన్16ఈ080 అనే ముక్కలో ఉన్నాయి. కొల్లేరు మాత్రం పక్క ముక్క ఎన్16ఈ081లో ఉంది. వాగు మొత్తం కావాలంటే ముందు ఈ రెంటినీ మెర్జ్ చేయాలి. తర్వాత క్యూజీఐఎస్‌లోనే దొరికే గ్రాస్ టూల్స్‌తో పరీవాహక ప్రాంతం గీయాలి. ఏ చుక్క పడితే బుడమేరులోకి చేరుతుందో ఆ నేలంతా అన్నమాట. కత్తెర పట్టాల్సింది ఆ గీత వెంబడి. చివర్లో చూపించడానికి నగరం వరకు కత్తిరించుకున్నా నష్టం లేదు.

అంకెలు తెగవు

క్లిప్ ఆకారాన్ని కోస్తుంది, పట్టికలో అంకెల జోలికి పోదు. ఒక గ్రామం సరిహద్దు లేయర్‌లో 'విస్తీర్ణం 600 హెక్టార్లు, జనాభా 4000' అని రాసి ఉందనుకుందాం. ముంపు ప్రాంతంతో క్లిప్ చేస్తే అందులో సగమే లోపల మిగిలింది. పట్టికలో మాత్రం ఇంకా 600, 4000 అనే ఉంటాయి. వాటిని అలాగే కూడితే బాధితుల లెక్క ఉబ్బిపోతుంది. విస్తీర్ణం ఫీల్డ్ కాలిక్యులేటర్‌తో మళ్లీ లెక్కపెట్టాలి. జనాభా అలా సగానికి కోసేది కాదు, ఇళ్లు ఎక్కడున్నాయో చూడాలి.

ఇళ్ల లెక్కకి అసలు క్లిప్ సరైన టూల్ కాదు. అంచున ఉన్న ఇంటిని అది మధ్యకి కోసి సగం ఇల్లు ఇస్తుంది. లెక్కలో ఆ సగమూ ఒకటే. నష్టపరిహారం జాబితాకి సగం ఇల్లు ఏం చేసుకుంటాం? 'ఎక్స్‌ట్రాక్ట్ బై లొకేషన్' వాడితే గీతను తాకిన ఇల్లు ఇల్లుగానే వస్తుంది.

ఇంకో రెండు జాగ్రత్తలు. సరిహద్దు చుట్టూ 500 మీటర్ల బఫర్ వేయాలనుకుంటే ముందు లేయర్ కొలత చూడండి. అది అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే మీరు కొట్టిన 500ని డిగ్రీలుగా తీసుకుంటుంది. విజయవాడకి యూటీఎం 44 ఉత్తర జోన్, అంటే ఈపీఎస్‌జీ 32644లోకి మార్చుకుంటే మీటర్లలో వస్తుంది. రెండోది, సరిహద్దు ఫైలు ఎప్పటిదో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ ఫైల్లో విజయవాడ ఇంకా కృష్ణా జిల్లాలోనే ఉంటే అది పాత మూత.

గీత కోసమే గొడవ

మూత ఎంత ముఖ్యమో కొల్లేరుని అడిగితే చెప్తుంది. 1999లో ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. 2008లో హద్దును +3కి తగ్గించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఒకే శాటిలైట్ ఫొటోని +5తో ఒకసారి, +3తో ఒకసారి క్లిప్ చేయండి. మొదటి మ్యాపులో ఆక్రమణగా కనిపించిన చెరువు రెండో మ్యాపులో అసలు ఉండకపోవచ్చు. పక్షులకి చోటు, రైతుకి బతుకు, రెండూ ఆ రెండు అడుగుల మధ్యే నలుగుతున్నాయి.

ఆ గీత మనమే ఎస్ఆర్‌టీఎంతో గీసేద్దామంటే కుదరదు. అయిదు అడుగులంటే సుమారు మీటరున్నర. ఎస్ఆర్‌టీఎం ఎత్తులు పూర్తి మీటర్లలో ఉంటాయి, తేడా కొన్ని మీటర్లు ఉండొచ్చు. కొండల దగ్గర పనికొచ్చే డేటా ఈ చదును నేల మీద తేలిపోతుంది. అక్కడ నేల మీద చేసిన సర్వేనే దిక్కు.

ఈ ఆదివారం ప్రయత్నించాలనిపిస్తే మీ ఊరి చెరువుతో మొదలుపెట్టండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వాగులు, ఎస్ఆర్‌టీఎం నుంచి ఎత్తులు దించుకోండి. మీ ఊరి పొలిమేర వరకు ఒక మ్యాపు, చెరువులోకి నీళ్లొచ్చే నేలంతటికీ ఇంకో మ్యాపు తయారు చేయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చెరువు నిండకపోవడానికో, ఊరు మునగడానికో కారణమైన కాలువ చాలాసార్లు పక్క ఊరి మ్యాపులో ఉంటుంది. అది తెలిస్తే గ్రామసభలో ఎవరిని ఏం అడగాలో కూడా తెలుస్తుంది.