లోహమునకు రెసిను ఎట్లు అంటును?

అరిగిన లేక విరిగిన పంటిపై వైద్యులు వేయు తొడుగును వాడుకలో క్యాపు అందురు. పలువురి తొడుగులలో లోపల నికెల్, క్రోమియముల మిశ్రలోహము, దానిపై పింగాణి ఉండును. అన్నములో రాయి తగిలినచో పింగాణి పెచ్చు ఊడి, బూడిదరంగు లోహము బయటపడవచ్చును.

తొడుగును కోసి తీసి క్రొత్తది వేయవచ్చును. కాని కోయునపుడు లోపలి పంటికి దెబ్బ తగులవచ్చును. అచ్చు తీయుటకు, అమర్చుటకు పలుమార్లు తిరుగవలెను. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు వచ్చిపోవు కూలివానికి ప్రతి ప్రయాణము ఒక దినపు కూలి నష్టము. ఊడినంత మేర రెసినుతో పూడ్చినచో ఒక్క పూటలో పని ముగియును. అయితే రెసిను లోహమునకు అంటునా?

1955లో అమెరికాలో బ్యూనోకోర్ అను దంతవైద్యుడు ఫాస్ఫారిక్ ఆమ్లముతో పంటి ఎనామెలును గరుకుచేసి, దానికి రెసినును అంటించవచ్చునని చూపెను. ఆమ్లము చేసిన సూక్ష్మమైన గుంటలలో రెసిను వ్రేళ్లూనును. ఈ మిశ్రలోహముపై మాత్రము ఆ ఆమ్లము అట్టి గుంటలు చేయజాలదు. కావున రెండు ఉపాయములు కావలెను.

మొదటిది గరుకుచేయుట. ఆళ్లగడ్డ శిల్పి నునుపుచేసిన విగ్రహముపై సున్నపు ముద్ద నిలువదు. ఉలిగంట్లున్న రాతిపై నిలుచును. అట్లే సుమారు 50 మైక్రానుల అల్యూమినియం ఆక్సైడు రేణువులను గాలి ఒత్తిడితో లోహముపై చిమ్ముదురు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

రెండవది రసాయన బంధము. గాలి తగిలినంతనే క్రోమియముపై పలుచని ఆక్సైడు పొర ఏర్పడును. జపానులో రూపొందిన ఎం.డి.పి. అను పదార్థము 1980 దశకమునుండి వాడుకలో ఉన్నది. దాని అణువు ఒక కొననున్న ఫాస్ఫేటు ఆ ఆక్సైడును పట్టుకొనును. రెండవ కొన రెసిను గొలుసులో కలిసిపోవును. బంగారమునకు ఇట్టి ఆక్సైడు పొర లేదు. అందుకు గంధకముగల అణువులను వాడుదురు.

పిమ్మట లోహపు రంగు కానరాకుండ ఒక దట్టమైన పూత పూసి, దానిపై పంటిరంగు రెసినును పెట్టి, నీలికాంతితో గట్టిపరచుదురు.

ఈ అతుకునకు శత్రువులు రెండు. గరుకుచేసిన లోహముపై లాలాజలము పడినచో బంధము చెడును. అందుకే పంటిచుట్టు రబ్బరు పలుచ అమర్చుదురు. వేడి టీకి, చల్లని నీటికి రెసిను లోహముకంటె ఎక్కువగా వ్యాకోచించి సంకోచించును. ఏళ్లు గడిచినకొలది అతుకు బలహీనపడును. కావున ఇది శాశ్వతము కాదు. తొడుగే వదులైనపుడు, లేక లోపల పన్ను పుచ్చినపుడు క్రొత్తదే మేలు.

రెండు ఇనుపరేకులను తీసికొని, ఒకదానిని గరుకుకాగితముతో రుద్ది శుభ్రపరచి, రెండవదానికి నూనె రాసి, రెంటికిని జిగురుతో కాగితపు పట్టీలు అంటించి, ఆరిన పిదప లాగినచో, ఏది ముందు ఊడునో విద్యార్థులే చూడవచ్చును.