సూదిని చూడలేకపోయినా... 1,173 సార్లు!

రక్తమిచ్చే ప్రతిసారీ ఆయన మొహం పక్కకు తిప్పుకొనేవారు. సూది గుచ్చటాన్ని చూడలేరు మరి. అయినా 60 ఏళ్లకు పైగా ఇస్తూనే వచ్చారు. ఆయనే ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్‌ హారిసన్‌.

పద్నాలుగేళ్ల వయసులో, 1951లో హారిసన్‌కు ఛాతీకి పెద్ద ఆపరేషన్‌ జరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చిన రక్తమే ఆయన్ను బతికించింది. పద్దెనిమిదేళ్లు నిండగానే తానూ ఇవ్వాలని అప్పుడే నిశ్చయించుకున్నారు. అన్నట్టుగానే 1954లో రెడ్‌క్రాస్‌కు రక్తదానం మొదలెట్టారు. కొన్నేళ్లకు ఆయన రక్తంలో యాంటీ-డి అనే అరుదైన యాంటీబాడీ దండిగా ఉన్నట్టు డాక్టర్లు గుర్తించారు.

బిడ్డకు రక్ష

తల్లి రక్తం ఆర్‌హెచ్‌ నెగెటివ్‌, కడుపులోని బిడ్డది పాజిటివ్‌ అయితే చిక్కు రావొచ్చు. కాన్పు సమయంలో బిడ్డ ఎర్రకణాలు తల్లి రక్తంలో కలుస్తాయి. తల్లి శరీరం వాటిని పరాయివిగా భావించి యాంటీబాడీలను తయారుచేస్తుంది. దీంతో సాధారణంగా తొలి బిడ్డకు ఇబ్బందేమీ ఉండదు. కానీ మలి కాన్పులో ఈ యాంటీబాడీలు బిడ్డ ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. తీవ్ర రక్తహీనత, కామెర్లు తలెత్తుతాయి. ఒకోసారి ప్రాణాలే పోవచ్చు. దీన్ని ముందే అడ్డుకునేది యాంటీ-డి ఇంజెక్షన్‌. దీన్ని దాతల ప్లాస్మా నుంచే తయారుచేస్తారు. అందుకే హారిసన్‌ ప్లాస్మా దానానికి మారారు. ఎర్రకణాలను తిరిగి ఒంట్లోకే ఎక్కిస్తారు కాబట్టి దీన్ని రెండు వారాలకోసారి ఇవ్వొచ్చు. అలా 2018లో, 81 ఏళ్ల వయసులో ఆపేనాటికి 1,173 సార్లు దానం చేశారు. సుమారు 24 లక్షల మంది పిల్లలకు ఇది మేలు చేసిందని ఆస్ట్రేలియా రెడ్‌క్రాస్‌ అంచనా. ఆయన 2025 ఫిబ్రవరిలో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మనింట్లో ఏం చేయాలి?

గర్భం ధరించగానే రక్తం గ్రూపు పరీక్ష చేయించుకోవాలి. ఆర్‌హెచ్‌ నెగెటివ్‌ అయితే సాధారణంగా 28వ వారంలో యాంటీ-డి ఇస్తారు. పుట్టిన బిడ్డది పాజిటివ్‌ అయితే 72 గంటల్లోపు మరోసారి ఇవ్వాలి. గర్భస్రావమైనప్పుడూ దీని అవసరం ఉండొచ్చు. ‘బిడ్డే నిలవలేదు, ఇంకా ఇంజెక్షన్‌ ఎందుకు?’ అనుకోవద్దు. అది తర్వాత పుట్టబోయే బిడ్డ కోసం. ఈ విషయాన్ని డాక్టర్‌ను తప్పకుండా అడగాలి.

మీరూ ఇవ్వొచ్చు

మనదేశంలో 18-65 ఏళ్లవారు రక్తదానం చేయొచ్చు. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్‌ 12.5 గ్రాములు ఉండాలి. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. జబ్బులుంటే, మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పాలి.

రక్తాన్ని ఏళ్ల తరబడి నిల్వ చేయలేం. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులకు మించి ఉండవు. తలసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో ఒకసారి ఇచ్చి ఊరుకుంటే వీరికి చాలదు. మళ్లీ వచ్చే దాతలు కావాలి. హారిసన్‌లోని యాంటీబాడీ మనలో లేకపోవచ్చు. గడువు తీరగానే మళ్లీ వెళ్లటం మాత్రం మన చేతుల్లోనే ఉంది. సూదంటే భయమా? ఆయనలాగే మొహం పక్కకు తిప్పుకొంటే సరి!