డబ్బా మూతను కోసేది మోటారు కాదు

డబ్బా ముందు పుట్టిందా, దాన్ని తెరిచే పనిముట్టు ముందు పుట్టిందా? తాళం, తాళంచెవి కలిసే పుట్టి ఉంటాయి కదా, అలాగే ఇవీ పుట్టి ఉంటాయని మీరు అనవచ్చు. కాని రేకు డబ్బా కథ వేరు. ఆహారాన్ని రేకు డబ్బాలో పెట్టి, గాలి చొరకుండా మూసి నిలువ చేసే పద్ధతికి ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ అనే ఆయన 1810లో పేటెంటు పొందాడు. ఆ డబ్బాను తెరవడానికని ప్రత్యేకంగా చేసిన పనిముట్టుకు అమెరికాలో ఎజ్రా వార్నర్ పేటెంటు పొందింది 1858లో. నడుమ నలభై ఎనిమిదేళ్లు!

మరి అన్నాళ్లూ జనం డబ్బాలను ఎలా తెరిచారు? ఉలి, సుత్తి పుచ్చుకొని తెరిచారు. 1824లో పారీ అనే నావికుడి ఉత్తర ధ్రువ ప్రాంత యాత్రకు తీసుకుపోయిన మాంసం డబ్బా మీద, పై అంచు వెంబడి ఉలితో కొట్టి తెరవవలసిందని రాసి ఉండేది. ఆ కాలపు డబ్బాలు మందమైన ఇనుప రేకుతో చేసినవి. వంటింటి కత్తికి లొంగేవి కావు. రేకు పలచబడిన తరువాతనే తెరిచే పనిముట్టు గురించి ఆలోచించడానికి అవకాశం కలిగింది.

వార్నర్ చేసినది కొడవలి వంటి కత్తి. డబ్బాలో గుచ్చి, పైకీ కిందికీ ఆడిస్తూ కోయాలి. అంచు రంపపు పళ్లలా తేలేది, వేళ్లు తెగేవి. 1870లో విలియం లైమన్ కత్తికి బదులు గుండ్రటి చక్రాన్ని పెట్టాడు. 1925 ప్రాంతంలో ఆ కోత చక్రానికి జోడీగా పళ్లున్న మరో చక్రం వచ్చింది. అది డబ్బా అంచును కింది నుంచి పట్టుకొని ముందుకు నడిపిస్తుంది. మీ ఇంట్లో చేత్తో తిప్పే ఓపెనరు ఉంటే తీసి చూడండి. ఈ రెండు చక్రాలూ ఎదురెదురుగా కనిపిస్తాయి. ఇక విద్యుత్ ఓపెనరు అంగళ్లలోకి వచ్చి ఇళ్లకెక్కింది 1956 తరువాత, అమెరికాలో.

అక్కడి వంటింట్లో చిక్కుడు గింజలు, టమాటాలు, సూపు, చేపలు, చివరికి పిల్లికి పెట్టే మేత కూడా డబ్బాలోనే వస్తాయి. రోజుకు రెండు మూడు డబ్బాలు తెరిచే ఇల్లు అరుదేమీ కాదు. మన ఇళ్లలో ఎప్పుడైనా రసగుల్లాల డబ్బా వస్తే గొప్ప. అయినా ఈ విషయం మనకు మరీ దూరమైనదేమీ కాదు. చిత్తూరు ప్రాంతంలో పండే తోతాపురి మామిడి - కోస్తాలో కలెక్టరు మామిడి అంటారే, అదే - గుజ్జుగా మారి, డబ్బాలకెక్కి, సముద్రాలు దాటిపోతున్నది. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు పండుగనాడు ఆ డబ్బానే తెరుస్తారు. అప్పుడు అక్కడి మేనత్తో, పెద్దమ్మో అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ కరెంటు ఓపెనరు కొనమంటావురా?" సైన్సు చదువుకుంటున్న మీరు దీనికి జవాబు చెప్పగలగాలి.

అంగడిలో పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది మోటారు సంగతి. ఇన్ని వాట్లు, అంత శక్తి అని. నన్నడిగితే అది చివర చూడవలసిన సంగతి. ఎందుకో చూద్దాం.

డబ్బా మూత మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి. మీరు ప్రయోగించిన బలం 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల బరువు మోపినంత అనుకుందాం. వేలు తాకుతున్న వైశాల్యం ఒక చదరపు సెంటీమీటరు, అనగా 100 చదరపు మిల్లీమీటర్లు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుంది కదా! చదరపు మిల్లీమీటరుకు 1 న్యూటను. రేకు కాస్త వంగుతుందేమో గాని తెగదు. ఇప్పుడు అదే 100 న్యూటన్లను పదునైన చక్రపు అంచు మీద పెట్టండి. అంచు రేకును తాకే చోటు చదరపు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే అనుకుంటే, పీడనం చదరపు మిల్లీమీటరుకు 1,000 న్యూటన్లు అవుతుంది. డబ్బా రేకు మందం సుమారు 0.2 మి.మీ. అంత పలచని ఉక్కు ఆ పీడనానికి ఆగలేదు. దారి ఇచ్చేస్తుంది.

చక్రం మొద్దుబారిందనుకోండి. తాకే వైశాల్యం అయిదు రెట్లయింది. పీడనం 200 న్యూటన్లకు పడిపోయింది. అప్పుడు రేకు తెగడానికి బదులు నొక్కుకుపోతుంది, మూత వంకర్లు పోతుంది, మోటారు మూలుగుతుంది. ఇక్కడ ఎంత పెద్ద మోటారు పెట్టినా లాభం లేదు. ఎందుకంటే, వంటింటి బల్ల మీద నిలబెట్టే ఓపెనర్లలో చాలావాటికి చక్రాన్ని రేకులోకి దించేది మోటారు కాదు, మీ చెయ్యే. పైనున్న మీటను నొక్కుతారు చూడండి, అది తులాదండం. మీ చెయ్యి పడే చివర ఆధారబిందువుకు దూరంగా ఉంటుంది, కోత చక్రం దగ్గరగా ఉంటుంది. అందుచేత కొద్ది బలంతో నొక్కినా చక్రం దగ్గర అది చాలా రెట్లవుతుంది. మోటారు చేసే పనల్లా డబ్బాను గుండ్రంగా తిప్పడం. అంటే అది మీ మణికట్టుకు బదులు వచ్చిందే గాని, కత్తికి బదులు కాదు.

ఆ తిప్పే పనికి ఎంత శక్తి కావాలి? లెక్క వేద్దాం. మామూలు కూరగాయల డబ్బా అడ్డుకొలత సుమారు 7.6 సెం.మీ. దాని చుట్టుకొలత 24 సెం.మీ. దాకా ఉంటుంది. పళ్ల చక్రం అడ్డుకొలత 2 సెం.మీ. అనుకుంటే దాని చుట్టుకొలత 6.3 సెం.మీ. కాబట్టి చక్రం నాలుగు చుట్లు తిరిగితే డబ్బా ఒక చుట్టు పూర్తవుతుంది. ఎనిమిది సెకన్లలో తెరవాలంటే చక్రం నిమిషానికి 30 చుట్లు తిరిగితే చాలు. కాని చిన్న మోటారు నిమిషానికి 3,000 చుట్ల వేగంతో తిరుగుతుందనుకోండి. దాన్ని నేరుగా డబ్బాకు తగిలిస్తే, డబ్బా మాట దేవుడెరుగు, గుజ్జు గోడల మీద ఉంటుంది! అందుకని నడుమ గేరు చక్రాలు పెట్టి వేగాన్ని నూరు రెట్లు తగ్గిస్తారు. వేగం నూరో వంతైతే తిప్పే బలం, ఘర్షణకు పోయినది పోగా, నూరు రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. పిడికిలిలో పట్టే మోటారు రేకు డబ్బాను అంత సునాయాసంగా తిప్పడంలోని రహస్యం ఇదే. మీరు సైకిలు మీద మెట్ట ఎక్కేటప్పుడు గేరు మార్చడం కూడా ఇలాంటిదే.

కాబట్టి గేరు చక్రాలు దేనితో చేశారన్నది మోటారు వాట్లకన్నా ముఖ్యం. చౌక రకాల్లో అవి ప్లాస్టిక్కువి. బిగుసుకున్న డబ్బా దగ్గర ముందుగా విరిగేవి వాటి పళ్లే. కరెంటు ఖర్చు గురించి దిగులు పడనక్కర్లేదు. 100 వాట్ల ఓపెనరు పది సెకన్లు నడిస్తే ఖర్చయ్యేది 1,000 జౌళ్లు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఒక్క యూనిట్‌తో 3,600 డబ్బాలు తెరవవచ్చు. ఏ ఇంటికైనా కొన్నేళ్లకు సరిపోతుంది.

ఎక్కడ కోస్తుంది?

కొనేటప్పుడు అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఇది. కొన్ని ఓపెనర్లు మూతను పైనుంచి, అంచుకు లోపలి వైపున కోస్తాయి. కోసిన మూత డబ్బాలోకి జారిపడకుండా ఒక అయస్కాంతం దాన్ని పట్టుకుంటుంది. ఉక్కు మూత అయితేనే సుమా! అల్యూమినియం మూతను అయస్కాంతం ఆకర్షించదు. ఈ రకంలో కోత చక్రం ప్రతిసారీ ఆహారంలో మునుగుతుంది. నిన్నటి చేపల పులుసు నేటి మామిడి గుజ్జులోకి చేరే దారి అదే. అందుచేత చక్రమున్న భాగం ఊడదీసి కడగడానికి వీలుండాలి. ఊడని రకాన్ని ఎంత తక్కువ ధరకు ఇచ్చినా కొనవద్దని చెప్పండి.

రెండో రకం పక్కనుంచి కోస్తుంది. డబ్బా అంచును చేత్తో తడిమి చూడండి, దళసరిగా ఉంటుంది. మూత రేకు, డబ్బా గోడ రేకు ఒకదానిలో ఒకటి మడత పడి, మూడు పొరలు మూతవీ రెండు పొరలు గోడవీ, మొత్తం అయిదు పొరలు బిగిసిన అతుకు అది. పక్కనుంచి కోసే చక్రం ఈ అతుకు బయటి వైపును మాత్రమే తెంపుతుంది. మూత అంచుతో సహా టోపీలా ఊడివస్తుంది. చక్రం ఆహారాన్ని తాకదు, అంచు వేలికి గీసుకోదు. పసిపిల్లలున్న ఇంటికి నేనైతే ఈ రకాన్నే చెబుతాను. దీనికీ ఒక లోపం ఉంది. పైనుంచి కోసిన మూతనైతే లోపలికి నొక్కిపట్టి డబ్బాలోని నీళ్లు వంచవచ్చు. ఈ మూతతో అలా కుదరదు.

ఇక కొలతలు. బల్ల మీద నిలబెట్టే ఓపెనరులో డబ్బా అంచు పట్టుకొని వేలాడుతుంది. డబ్బా ఓపెనరుకన్నా ఎత్తైనదైతే అసలు పట్టదు. మామిడి గుజ్జు 850 గ్రాముల డబ్బాల్లోనూ, హోటళ్లవారు కొనే 3.1 కిలోల డబ్బాల్లోనూ వస్తుంది. ఆ పెద్ద డబ్బా అడ్డుకొలతే పదిహేను సెంటీమీటర్లు దాటుతుంది. మూడు కిలోల బరువు ఒక్క అంచు మీద వేలాడితే చిన్న ఓపెనరు ముందుకు ఒరుగుతుంది. దానికి చేత్తో తిప్పేదే మేలు. పెద్దమ్మను తన అలమరలోని అన్నిటికన్నా ఎత్తైన డబ్బాను కొలిచి, ఆ కొలత చీటీతో అంగడికి వెళ్లమనండి.

ఆ ఓపెనరు ఇండియాకు వస్తే?

మేనత్త ముచ్చటపడి ఒకటి మన అమ్మమ్మకు పంపిందనుకోండి. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, పౌనఃపున్యం 60 హెర్ట్జ్‌లు. మన ఇళ్లలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. ప్లగ్గు మార్చే చిన్న అడాప్టరు పెట్టి నేరుగా కలిపితే మోటారు తీగచుట్టలో ప్రవాహం విపరీతంగా పెరుగుతుంది, తీగ మీది పూత మాడుతుంది, పొగ వస్తుంది. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గాని వోల్టేజిని మార్చదు. వోల్టేజిని తగ్గించడానికి ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అదైనా పౌనఃపున్యాన్ని మార్చలేదు కనుక ఆ రకపు మోటారు సుమారు ఆరింట అయిదో వంతు వేగంతోనే తిరుగుతుంది. పది సెకన్ల పనికి ఇబ్బంది లేదు. ఇంత హంగామా ఎందుకంటే, బ్యాటరీలతో నడిచే రకాన్ని పంపమనండి. 1.5 వోల్టుల బ్యాటరీ ఏ దేశంలోనైనా 1.5 వోల్టులే.

అసలు అమ్మమ్మకు ఇది కావాలా? ఏడాదికి రెండు డబ్బాలు తెరిచే ఇంటికి చేత్తో తిప్పే ఓపెనరు చాలు. కాని కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన వారికీ, ఒక చెయ్యి పనిచేయని వారికీ ఇది విలాస వస్తువు కాదు. ఒకరిని పిలవకుండా తన వంట తాను చేసుకోగల స్వేచ్ఛ. చెవిని కుడిచేత్తో తిప్పేటట్టు చేసిన ఓపెనరుతో అవస్థపడే ఎడమచేతివాటం వారికి కూడా ఇది హాయి. ఉంగరం పట్టి లాగే మూతలు వచ్చాయి కదా అంటారేమో. నొప్పి ఉన్న వేలికి ఆ ఉంగరం కిందికి దూరడమే కష్టం.

ఒక్క డబ్బాను మాత్రం ఏ ఓపెనరుతోనూ తెరవకండి. మూత ఉబ్బిన డబ్బా అది. లోపల సూక్ష్మజీవులు పెరిగి వాయువు పుట్టిందనడానికి అది గుర్తు. బొట్యులినమ్ అనే బాక్టీరియా గాలి లేని చోటనే పెరిగి, నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారుచేస్తుంది. దాని బీజాలు మరిగే నీటికి కూడా చావవు. అందుకే ఆమ్లం తక్కువగా ఉండే ఆహారాన్ని డబ్బాలో పెట్టేవారు 121 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి చేస్తారు. ఉబ్బినదాన్ని రుచి చూసి తేల్చుకుందామని ఎవరన్నా అంటే చేతిలోంచి లాక్కోండి.

చేత్తో తిప్పే ఓపెనరు మీ ఇంట్లో ఉంటే ఒక పరీక్ష చేయవచ్చు. పెద్దవాళ్లెవరినైనా పక్కన ఉంచుకోండి. డబ్బా చుట్టుకొలతను దారంతో కొలవండి. పళ్ల చక్రం అడ్డుకొలతను స్కేలుతో కొలిచి 3.14తో హెచ్చించండి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే చెవిని ఎన్ని చుట్లు తిప్పాలో వస్తుంది. ఆ అంకెను ముందుగా కాగితం మీద వేసుకొని, అప్పుడు డబ్బా తెరుస్తూ లెక్కపెట్టండి. లెక్కకన్నా ఒకటి రెండు చుట్లు ఎక్కువ పడితే చక్రం అంచు మీద జారుతున్నదన్నమాట. డబ్బా అంచును అడుగు వైపు నుంచి చూడండి. పళ్లు సరిగా పట్టిన చోట సమదూరంలో చిన్న నొక్కులుంటాయి, జారిన చోట పొడుగాటి గీత ఉంటుంది.